వెనక చక్రాలకు పెట్టిన బొట్టు

బ్రేకు పని నేర్చుకునేవాళ్లు ఎక్కడ కలిసినా నన్ను అడిగేది ఒకటే. మీ సర్వీసులో చూసిన గొప్ప బండి ఏది సార్ అని. వాళ్లకు కావలసింది బండి పేరు, ఇంజిను బలం, ఎంత వేగం పోతుందన్న కబుర్లు. నేను చెప్పబోయేది కూడా ఒక పొడుగు మూతి బండి గురించే. కానీ అసలు సంగతి ఆ బండి వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చున్న ఒక మనిషిది. ఓపిక ఉంటే చదవండి. ఇంజిను సంగతులే కావాలంటే ఫోనులో బోలెడు దొరుకుతాయి, అక్కడ చూసుకోండి.

నేను మియాపూర్ వైపు బస్సు డిపోలో బ్రేకుల సెక్షనులో పనిచేసి రిటైరయ్యాను. ఇంట్లో కూర్చుంటే కూరగాయల సంచి చేతికిచ్చి బయటికి పంపడం తప్ప మా ఆవిడకు నాతో వేరే పని లేకపోయింది. ఆ సంచి బాధ పడలేక బోరబండ నుంచి మాదాపూర్ వైపు దిగే ఒక సందులో, పాత కార్లు బాగుచేసే షెడ్డులో చేరాను. చుట్టూ అద్దాల మేడలు లేచాయి గానీ సందు మాత్రం సందుగానే మిగిలింది. పొద్దున్నే మెడలో కార్డులు వేలాడేసుకున్న పిల్లలు అడ్డదారిన ఆఫీసులకు మా ముందు నుంచే నడిచేవారు. రేకుల కింద ఉన్న పాత కారు కనిపిస్తే ఆగి ఫొటో తీసుకునేవారు. "అంకుల్, జర పక్కకు జరుగుతారా" అని మమ్మల్ని ఫొటోలోంచి తప్పించడం మాత్రం మరిచేవారు కాదు.

షెడ్డు నడిపే ఆయన్ని అందరూ ఉస్తాద్ అనేవాళ్లు. బోరబండలోనే పుట్టి పెరిగిన మనిషి. నాకంటే కొంచెం పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను తమ్మీ అనేవాడు. డిపోలో నేను చాలామంది బ్రేకు మెకానిక్కుల్ని చూశాను. కొందరికి చెయ్యి బాగుండేది, కొందరికి నోరు బాగుండేది. ఉస్తాద్‌కు కాలు బాగుండేది. బ్రేకు చూడాలంటే కుడి కాలి చెప్పు విడిచి వట్టి పాదం పెడల్ మీద పెట్టేవాడు. కళ్లు మూసుకుని నొక్కేవాడు. బ్రేకు ఆయిలు పైపులో ఎక్కడో సూదిమొనంత గాలి మిగిలినా ఆ పాదానికి తెలిసిపోయేది. "నడుమ రబ్బరుంటే బండి చెప్పేది ఇనపడదు తమ్మీ" అనేవాడు. నేనూ ఒకటి రెండుసార్లు చెప్పు విడిచి ప్రయత్నించాను. నా పాదానికి పెడల్ చల్లగా ఉందన్న సంగతి తప్ప ఇంకేమీ తెలియలేదు.

ఆయనకు ఇంకో అలవాటు ఉండేది. బ్రేకు పని చేసిన ఏ బండినీ బొట్టు పెట్టకుండా షెడ్డు దాటనిచ్చేవాడు కాదు. అందరూ పెట్టినట్టు బానెట్ మీదో నంబరు పలక మీదో కాదు. టైర్లు ఊడదీసి ఉన్నప్పుడే, లోపలి భాగాలకు పెట్టేవాడు. ముందు చక్రాలకు నడిమధ్యన చిన్న గ్రీజు మూత ఉంటుంది, దాని మీద ఒక చుక్క. వెనక చక్రాలకు డ్రమ్ము మొహం నిండా పసుపు మూడు గీతలు, నడుమ కుంకుమ. తర్వాత టైరు బిగించేస్తే ఇక ఎవరికీ కనపడదు. కనపడనప్పుడు ఎందుకన్నా అని మొదట్లో అడిగాను. "పైన పెడితే షోకు. లోపల పెడితే మొక్కు" అన్నాడు. పొడి కుంకుమ ఇనుము మీద నిలవదని నువ్వుల నూనెలో కలుపుకునేవాడు. ఆ నూనె గిన్నె, పసుపు కుంకుమల డబ్బా పానాల అరలోనే ఉండేవి.

ఇక్కడ కొంచెం పని విషయం చెప్పాలి, లేకపోతే జరిగింది మీకు అర్థం కాదు. డ్రమ్ము బ్రేకు అంటే బోర్లించిన గిన్నె లాంటిది. దాని లోపల రెండు షూలు ఉంటాయి. పెడల్ నొక్కితే అవి గిన్నె లోపలి గోడను ఒత్తి పట్టుకుంటాయి. గిన్నె బయటి మొహానికి ఏ పనీ లేదు. దానికి రంగు వేసుకోండి, బొట్టు పెట్టుకోండి, దండ వేసుకోండి, బ్రేకుకు ఏమీ కాదు. డిస్కు సంగతి వేరు. అది వట్టి పళ్లెం. దాన్ని రెండు ప్యాడ్లు అటూ ఇటూ మొహం మీదే పట్టుకుంటాయి. ఆ మొహమే బ్రేకు.

ఆ బండిని మా దగ్గరికి తెచ్చింది కూకట్‌పల్లిలో ఉండే ఒకావిడ. వాళ్లది కోస్తా వైపు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగు విభాగానికి పెద్ద. ఇతరులు రాసినదాంట్లో తప్పులు వెతకడం ఆవిడ ఉద్యోగం. అది విన్నప్పుడు ఉస్తాద్ నా వైపు చూసి, "మా ఇంట్ల గూడ ఒకామె ఉన్నది, జీతం లేకుండ చేస్తది" అన్నాడు. ఆవిడ నవ్వింది. ఆవిడ ఆయన్ని "ఉస్తాద్ గారూ" అని పిలిచేది. ఉస్తాద్ పక్కన గారు పెట్టిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. షెడ్డులో మేం కొన్నాళ్లు అదే పేరుతో ఆయన్ని ఆటపట్టించాం.

బండి అమెరికాది. ఇటుక రంగు, రెండే తలుపులు, స్టీరింగు ఎడమవైపు, బానెట్ మీద మంచం వేసుకుని పడుకోవచ్చు. ఎవరో దొర తెచ్చింది చేతులు మారి మారి ఎక్కడో కోళ్ల షెడ్డులో తుప్పు పడుతుంటే ఆవిడ సొంత జీతంతో కొని, ఏళ్ల తరబడి ఒక్కో ముక్కా బాగుచేయించుకుంది. ఇలాంటివాటిని మజిల్ కార్లు అంటారండి అని చెప్పింది. ఉస్తాద్ చుట్టూ ఒకసారి తిరిగి, "అంటే పహిల్వాన్. ఉరుకుడు తెలుసు, ఆగుడు తెల్వదు" అన్నాడు. సరిగ్గా అదే ఆవిడ బాధ కూడా.

ఆ బండికి ముందు డిస్కులే, వెనక మాత్రం డ్రమ్ములు. మన హైటెక్ సిటీలో గట్టి వాన పడితే రోడ్లు ఏమవుతాయో మీకు చెప్పాలా. అలాంటి ఒక సాయంత్రం ఆవిడ ఆఫీసు నుంచి వస్తూ నిలిచిన నీళ్లలోంచి బండి తోలింది. వెనక డ్రమ్ముల్లోకి నీళ్లు చేరాయి. చేరిన నీళ్లు డ్రమ్ములోంచి తొందరగా పోవు. ముందు బస్‌స్టాపు దగ్గర జనం రోడ్డు మీదికి వచ్చి నిలబడి ఉన్నారు. ఆవిడ బ్రేకు నొక్కింది. వెనక ఒక చక్రం పట్టింది, ఇంకోటి పట్టలేదు. తోక తిరిగింది. బండి అడ్డంగా జారి, గొడుగు పట్టుకుని చంకలో పసిపిల్లతో ఉన్న ఒకమ్మాయి ముందు ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ అమ్మాయి తిట్టను కూడా తిట్టలేదట, ఊరికే చూసిందట. "తిట్టినా బాగుండేదండి" అంది ఆవిడ.

ఆ రోజు నుంచి ఆవిడ ఆ బండి తోలలేదు. తాళం తీసి కూర్చుంటే కుడి కాలు వణుకుతోందని, దిగి లోపలికి వెళ్లిపోతున్నానని చెప్పింది. ఇంతలో గచ్చిబౌలి వైపు రెస్టారెంటు పెడుతున్న ఒక యువకుడు బండి అడిగాడు. ఇంజిను తీసేసి, గాజు గది కట్టి, లైట్లు పెట్టి, వచ్చినవాళ్లు చూసేట్టు నిలబెడతాడట. మంచివాడే. బండి మీద ప్రేమతోనే అడిగాడు. ఆవిడ అతనికి సగం మాట ఇచ్చింది. మిగిలిన సగం మాట మాకిచ్చింది.

"వెనక కూడా డిస్కులు వేయించి చూస్తానండి. నీళ్లలో తిన్నగా ఆగితే బండి నాది. ఆగకపోతే అతను తీసుకెళ్లిపోతాడు. ఇంకొకరి ముందుకు అడ్డంగా వెళ్లి ఆగే బండి నా ఇంట్లో ఉండకూడదు."

ఉస్తాద్ డిస్కుల మాట వదిలి ఇంకేదో అడిగాడు. "నిలబెడితే ఇంజిను తీస్తరా?" అన్నాడు. అవునంది. ఆయన ముఖం చూశాక ఈ పని మేం చేస్తున్నామని నాకు తెలిసిపోయింది.

చేశాం. ఆ కొన్ని వారాలు ఉస్తాద్ పని చేసిన తీరు నేను ఇప్పటికీ తలుచుకుంటాను. బయటి దేశం నుంచి వచ్చిన సామాను ఒక పట్టాన ఆ ఇరుసుకు కూర్చోలేదు. కాలిపర్‌ను, అంటే ప్యాడ్లను పట్టుకునే ఆ ఇనుప పిడికిలిని, ఇరుసుకు బిగించే బ్రాకెట్ కొంచెం తేడాగా వచ్చింది. ఉస్తాద్ మిఠాయి డబ్బా అట్ట కత్తిరించి కొలత పెట్టుకున్నాడు, అది పెట్టి చూశాడు, మళ్లీ కత్తిరించాడు. షెడ్డు నిండా మిఠాయి అట్టలే. చివరికి ఆ అట్ట కొలతకు లేతు మిషను మీద కొత్త బ్రాకెట్లు చేయించాడు. హ్యాండ్ బ్రేకు దగ్గర నాకూ ఆయనకూ పెద్ద వాదనే జరిగింది. డ్రమ్ము పోతే దాంతో పాటు హ్యాండ్ బ్రేకు కూడా పోతుంది, డిస్కులకు మళ్లీ వేరే ఏర్పాటు చేయాలి, తల నొప్పి పని. గేరులో పెట్టి నిలుపుకుంటుందిలే అన్నా అన్నాను. "ఆమె ఇల్లు ఎత్తు మీదున్నది తమ్మీ. కింద పిల్లలు ఆడుకుంటరు" అన్నాడు. ఆయన కూకట్‌పల్లి వెళ్లి ఆవిడ ఇంటి ముందు రోడ్డు చూసొచ్చాడని నాకప్పుడు తెలిసింది. ఆదివారం అటు చుట్టాలింటికి వెళ్తున్నానని నాతో చెప్పాడు. అటువైపు ఆయనకు చుట్టాలెవరూ లేరు.

పెడల్ నొక్కితే బ్రేకు ఆయిలును పైపుల్లోకి తోసే మాస్టర్ సిలిండర్ దగ్గర ఇంకో చిక్కు. డ్రమ్ముల కోసం పైపులో ఎప్పుడూ కొంచెం ఒత్తిడి నిలిపి ఉంచే చిన్న వాల్వు ఒకటి దాగి ఉంటుంది. దాన్ని తీయకపోతే డిస్కులు ఎప్పుడూ రాసుకుంటూ కాలిపోతాయి. ఎంతోమంది మరిచిపోయేది అదే. ఉస్తాద్ మరవలేదు. కొత్త డిస్కులకు తుప్పు పట్టకుండా కంపెనీ వాళ్లు నూనె పూసి పంపుతారు. దాన్ని స్పిరిటుతో కడిగి, తుడిచి, మళ్లీ కడిగాడు. పళ్లేలు తళతళలాడుతుంటే నేను ముచ్చటపడి ఒకదాన్ని వేలితో తాకాను. ఆయన అలా కోప్పడటం నేనెప్పుడూ చూడలేదు. "వేలు జిడ్డు గూడ తాకొద్దు. డిస్కంటే ఏమనుకున్నవ్, మీ బస్సు రేకా?" అన్నాడు. నేను తాకిన చోట మళ్లీ స్పిరిటు పెట్టి రుద్దాడు.

మర్నాడు పరీక్ష. ఆదివారం పొద్దున్నే ఆవిడ రాకముందే ఉస్తాద్ స్నానం చేసి, తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. టైర్లు ఇంకా బిగించలేదు. పానాల అరలోంచి డబ్బా తీశాడు. ముందు చక్రాలకు మూత మీద చుక్కలు పెట్టాడు. వెనక్కి వచ్చి గొంతుక్కూర్చున్నాడు. కుడి పక్క పసుపు గీతలు గీసి, కుంకుమ పెట్టాడు. ఎడమ పక్కకు వచ్చేసరికి గిన్నెలో మిగిలిన నూనె కుంకుమంతా వేళ్లతో తీసి పెద్ద బొట్టు పెట్టాడు. కళ్లు మూసుకుని దండం పెట్టుకున్నాడు. ఎక్కడ పెట్టాడో మీకు తెలిసిపోయింది కదా. డ్రమ్ము ఉండే చోట, ముందురోజు నా వేలు తాకనివ్వని ఆ మొహం మీద. నేను కొబ్బరికాయ పట్టుకుని పక్కనే నిలబడ్డాను. చూడముచ్చటగా ఉందనుకున్నాను తప్ప నాకూ తట్టలేదు. పని చేసే చెయ్యి వేరు, మొక్కే చెయ్యి వేరు కాబోలు. ఆయన మొక్కే చెయ్యి అన్నేళ్లుగా వెళ్లే చోటికే వెళ్లింది. టైర్లు బిగించాం, కొబ్బరికాయ కొట్టాం, నిమ్మకాయలు తొక్కించాం.

నానక్‌రామ్‌గూడ వెనక కొత్తగా వేసిన రోడ్డు ఒకటి ఉంది. రెండు పక్కలా సగం కట్టిన మేడలు, ఆదివారం పొద్దున మనిషి కనపడడు. మధ్యలో ఒక పల్లం, వానాకాలమంతా అక్కడ నీళ్లు నిలిచే ఉంటాయి. ఆవిడ పక్కన నిలబడింది. రెస్టారెంటు అబ్బాయి కూడా వచ్చాడు, వెంట బండిని ఎక్కించుకుపోయే లారీ. ముందు పొడి రోడ్డు మీద ఉస్తాద్ తోలి చూడాలి, తర్వాత నీళ్లలో, ఆపైన ఆవిడ. అదీ అనుకున్నది. నేను పక్క సీట్లో కూర్చున్నాను.

మెల్లగా పోయి ఆపినప్పుడు బాగానే ఆగింది. కొంచెం వేగం పెంచి నొక్కాడు. బండి కుడివైపుకు లాగింది. ఇంకోసారి గట్టిగా నొక్కాడు. తోక తిరిగింది. పెద్దగా కాదు, ఒక మూరెడు. కానీ బయట నిలబడ్డవాళ్లకు ఆ మూరెడు బాగా కనపడుతుంది. నేను అద్దంలోంచి ఆవిడను చూశాను. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, చూడలేక పక్కకు తిరిగింది.

ఉస్తాద్ బండిని వాళ్ల దగ్గరికి తెచ్చి ఆపాడు. దిగి ఎడమ వెనక చక్రం దగ్గరికి వెళ్లి వంగాడు. నేనూ వంగాను. వంటింట్లో పోపు మాడిన వాసన. ఆయన ఆ వాసన చూసి అలాగే కాసేపు వంగి ఉండిపోయాడు. జాకీ పెట్టమన్నాడు. టైరు ఊడదీశాడు. తళతళలాడిన డిస్కు మొహమంతా ఎర్రటి పొర పరుచుకుని ఉంది. కాలిపర్ కింద నుంచి నల్లగా జిడ్డు కారింది.

ఆవిడ దగ్గరికి వచ్చి చూసింది. "తుప్పా అండి? కొత్త డిస్కులకు రాత్రికి రాత్రే తుప్పు పడుతుందని ఎక్కడో చదివాను. సరుకు మంచిది కాదేమో" అంది.

ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అవునమ్మా అంటే సరిపోయేది. డిస్కు ఎర్రగా ఉంది, కొత్త డిస్కుకు తుప్పు రావడం నిజమే, ఎక్కడో సముద్రం అవతల ఉన్న కంపెనీ మీదికి తప్పు పోతుంది, ఎవరికీ నష్టం లేదు. ఆవిడే సాకు తెచ్చి చేతిలో పెట్టింది. నేను ఉస్తాద్ వైపు చూశాను. ఆయన తల ఊపడం కోసం చూశాను.

ఆయన లేచి నిలబడ్డాడు. చేతులు తుడుచుకున్నాడు.

"తుప్పు కాదమ్మా. కుంకుమ. నేను పెట్టిన బొట్టు. నూనెల కలిపి పెట్టిన. డ్రమ్ముకు పెట్టే చోట చెయ్యి పోయింది. అది ప్యాడ్లకు పట్టింది. సరుకు మంచిదే. నాదే తప్పు."

లారీ డ్రైవరు ఒక్కడు నవ్వబోయి మానుకున్నాడు.

నేను మాత్రం ఊరుకోలేదు. ఉస్తాద్‌ను పక్కకు లాగి చెప్పాను. "అన్నా, ప్యాడ్లు తీసి మంట పెట్టి నూనె కాల్చేద్దం, గరుకు కాగితం రుద్దుదం, డిస్కు కడుగుదం. డిపోల షూలకు చేస్తుంటిమి కదా. ఇయ్యాల పరీక్షకు పట్టుకుంటది" అన్నాను. పట్టుకుంటుంది కూడా. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

"ఇయ్యాల పట్టుకుంటది తమ్మీ" అన్నాడు ఆయన. "ప్యాడ్లు నూనెను లోపలికి తాగినయ్. పైన కాలుస్తవు, వేడి పెరిగినప్పుడు లోపలిది మళ్ల పైకొస్తది. ఎప్పుడొస్తది? ఆమె గట్టిగ నొక్కిన రోజు వస్తది. గా దినం నువ్వుంటవా, నేనుంటనా ముంగట?" అని, ఆవిడ వైపు తిరిగాడు. "ఇయ్యాల ఇగ కాదమ్మా. కొత్త ప్యాడ్లు తెప్పియ్యాలె. అందాక ఈ బండి పరీక్షకు పనికిరాదు. మీరిచ్చిన మాట ప్రకారం ఇయ్యాల ఫెయిలే."

రెస్టారెంటు అబ్బాయి ఇబ్బందిగా నిలబడ్డాడు. "మేడమ్, మరి ఏం జేద్దాం? లారీని ఇగ దగ్గరికి పెట్టమనాల్నా?" అని మెల్లగా అడిగాడు.

ఆవిడ డిస్కు మీద వేలు పెట్టి ఆ ఎరుపు చూసుకుంది.

"నేను ఇన్నేళ్లుగా టెస్టింగులో ఉన్నానండి" అంది ఉస్తాద్‌తో. "రోజూ తప్పులు పట్టుకుంటాను. పట్టుకున్నాక కూడా ఇది తప్పు కాదు, అది అలాగే పనిచేస్తుందని నాతో వాదిస్తారు. నేను వేరే కారణం చూపించాక, కాదండి తప్పు నాదే అని చెప్పినవాళ్లను నేను ఇప్పటివరకు చూడలేదు." తర్వాత ఆ అబ్బాయి వైపు తిరిగింది. "మీకు శ్రమ ఇచ్చాను. లారీని ఖాళీగా పంపించాల్సొస్తోంది, ఏమీ అనుకోకండి. బండి పాసయ్యిందని ఈయన చెప్పిన రోజు తోలి చూసుకుంటాను. ఈయన చెప్పేదాకా ఫెయిలే."

ఆ అబ్బాయి లారీని పంపించేశాడు. వెళ్లే ముందు ఉస్తాద్‌కు చెయ్యి కలిపాడు. ఎందుకు కలిపాడో అతనికి కూడా తెలిసి ఉండదు.

కొత్త ప్యాడ్లు రావడానికి చాలా రోజులు పట్టింది. ఆ రోజుల్లో ఉస్తాద్ డిస్కులు మళ్లీ కడిగాడు, కాలిపర్లు విప్పి శుభ్రం చేశాడు. బొట్టు మానేస్తాడేమో అనుకున్నాను. అడగడానికి భయం వేసింది, అయినా అడిగాను. "దేవునికేం తమ్మీ, ఆయన ఎక్కడ పెట్టినా తీసుకుంటడు. నా చెయ్యికే బుద్ధి లేదు" అన్నాడు. ప్యాడ్లు బిగించిన రోజు డబ్బా మళ్లీ తీశాడు. ఈసారి నూనె లేదు. నీళ్లతో తడిపిన కుంకుమ, అది కూడా డిస్కు నడిమధ్య పైకి లేచి ఉండే బుడిపె మీద, ప్యాడ్లు ఎన్నడూ తాకని చోట, చిటికెన వేలి కొసతో చిన్న చుక్క. పెట్టే ముందు నన్ను పిలిచి, "చూడు, సరిగ్గ పెడుతున్ననా?" అని అడిగాడు. నేనూ పక్కన గొంతుక్కూర్చుని చూశాను. సరిగ్గానే పెడుతున్నావన్నా అన్నాను.

అదే రోడ్డు, అదే పల్లం. ముందురోజు వాన పడింది కాబట్టి నీళ్లు నిండుగా ఉన్నాయి. ఆవిడ మమ్మల్ని ఇద్దర్నీ ఆ బండిలోనే అక్కడిదాకా తెచ్చింది అని రాస్తే అబద్ధమవుతుంది. తోలింది ఉస్తాద్, ఆవిడ వెనక సీట్లో పర్సు గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఉస్తాద్ పొడి రోడ్డు మీద ఆపి చూశాడు, నీళ్లలోంచి తెచ్చి ఆపి చూశాడు. గీత గీసినట్టు తిన్నగా ఆగింది. చెప్పు విడిచిన పాదంతో ఇంకోసారి పెడల్ నొక్కి, దిగి, డోరు తెరిచి పట్టుకున్నాడు. "పాసమ్మా" అన్నాడు. జాకీ, పానాల సంచి కూడా దింపేశాం, బరువు తగ్గించి చూడాలని.

"ఒక్కదాన్నే వెళ్తానండి" అంది ఆవిడ. "పక్కన ఎవరైనా ఉంటే వాళ్ల గురించే ఆలోచిస్తాను."

బండి స్టార్టయింది. చాలాసేపు కదల్లేదు. అద్దంలోంచి ఆవిడ భుజాలు కనిపిస్తున్నాయి. ఉస్తాద్ అటు చూడకుండా నేలకేసి చూస్తూ నిలబడ్డాడు. తర్వాత బండి కదిలింది. నీళ్లలోకి దిగింది, రెండు పక్కలా నీళ్లు లేచాయి, ఇవతలకు వచ్చింది. బ్రేకు లైట్లు వెలిగాయి. తిన్నగా ఆగింది. తిప్పుకుని వచ్చి మళ్లీ అదే చేసింది. మళ్లీ ఆగింది. మూడోసారి నీళ్లు దాటి, ఆగి, రోడ్డు చివర మలుపు తిరగడానికి వెళ్లింది.

తిరిగి రాలేదు.

కాసేపు చూశాం. తిప్పుకోవడానికి చోటు దొరకలేదేమో అనుకున్నాం. ఇంకాసేపు చూశాం. ఉస్తాద్ మలుపు దాకా నడిచి వెళ్లి చూసి వచ్చాడు. రోడ్డు ఖాళీ. నేను ఫోను చేశాను, మోగుతోంది, ఎత్తడం లేదు. "వాల్వు నేనే తీసిన గదా తమ్మీ? పైపులు నువ్వు గూడ చూసినవ్ గదా?" అని ఉస్తాద్ అడిగినదే అడిగాడు. నేను చూశాను అన్నా, అన్నీ చూశాను అన్నాను. అంత గొప్ప పనివాడు కొత్తగా చేరినవాడిలా వేళ్ల మీద నట్లు లెక్కపెట్టుకోవడం అప్పుడే చూశాను.

చివరికి ఆవిడే చేసింది. ఫోను స్పీకరులో పెట్టాను.

"సార్, ఇప్పుడే చూశానండి మీ ఫోను. బండి తోలుతున్నాను కదా" అంది. గొంతు హాయిగా ఉంది. "ఇంటికొచ్చేశాను. గేటు తీస్తున్నారు."

"ఇంటికా అమ్మా?" అన్నాను.

"అవునండి. మలుపు తిరిగాక సిగ్నల్ పడింది. ఆగాను. తర్వాత వాన మొదలైంది, వైపర్ వేసుకున్నాను, సాయంత్రం కూరకేం తీసుకెళ్లాలా అని ఆలోచిస్తూ..." అని ఆగిపోయింది. "అయ్యో. ఉస్తాద్ గారూ, మిమ్మల్ని రోడ్డు మీదే వదిలేసి వచ్చేశానా?"

ఉస్తాద్ ఫోను నా చేతిలోంచి తీసుకున్నాడు. "వదిలేస్తే వదిలేసినవ్ తల్లీ. మళ్ల రాకు. ఎత్తు మీదున్నది గదా ఇల్లు, హ్యాండ్ బ్రేకు గుంజి పెట్టు, గంతే" అన్నాడు. ఫోను నాకిచ్చేసి ఫుట్‌పాత్ అంచున కూలబడ్డాడు. నవ్వుతున్నాడనుకున్నాను. దగ్గరికి వెళితే కళ్లు తుడుచుకుంటున్నాడు.

వాన మా మీదికి కూడా వచ్చింది. అటు ఆటోలు రావు. జాకీ ఒకరం, పానాల సంచి ఒకరం మోసుకుంటూ తడుస్తూ పెద్ద రోడ్డు దాకా నడిచాం. చివరికి ఒక ఆటో ఆగింది. మా అవతారాలు, ఉస్తాద్ ఒళ్లో జాకీ చూసి డ్రైవరుకు జాలేసింది.

"బండి ఖరాబైందా కాకా?" అన్నాడు.

"లేదు బిడ్డా" అన్నాడు ఉస్తాద్. "మంచిగైంది. అందుకే ఆటోల పోతున్నం."